దెబ్బ తగలని ప్రమాదం

ఆ ప్రమాదంలో నా ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు. తర్వాత జరిగిన గొడవంతా అందుకే.

కుప్పంలో బడిపంతులుగా పనిచేస్తూ శనివారాలు పుంగనూరులోని ఇంటికి వచ్చేవాడిని. ఆ శనివారం బస్సు తప్పిపోయి, వెంకటగిరికోట దగ్గర మదనపల్లె మార్కెట్‌కు పోయే టమోటా టెంపో ఎక్కాను. పుంగనూరు కూతవేటు దూరంలో ఉందనగా మలుపులో బండి పక్కకు పడిపోయింది. డ్రైవరు ఎలాగో బయటపడి సాయం కోసం పరుగెత్తాడు. నేను సీటుకూ తలుపుకూ మధ్య ఇరుక్కుపోయాను. పగిలిన అద్దంలోంచి కాయలు దొర్లుకుంటూ వచ్చి నా చుట్టూ నిండాయి.

ముప్పావు గంట అలాగే ఉన్నాను. ఈలోగా ఊరు ఊరంతా వచ్చింది, సంచులతో. టమోటా ధర మండిపోతున్న రోజులు, వాళ్ళను తప్పుపట్టను. కాదు, తప్పుపడతాను. ఒక అవ్వ లోపలికి తొంగిచూసి, "అప్పా, బతికే ఉండావా?" అంది. ఉన్నానన్నాను. "అట్లయితే కాలు పక్కకు తియ్యప్పా, కాయలు నలిగిపోతాండాయి" అంది. చేతనైనంత తీశాను. ఇప్పటికీ నా కోపం అవ్వ మీద కాదు, తీసినందుకు నా మీదే.

నన్ను బయటికి లాగి ఇంటికి చేర్చాక పరామర్శలు మొదలయ్యాయి. మా వైపు అందుకు ఎవరూ చేతులూపుకుంటూ రారు. చేలో ఏది పండితే అది తెస్తారు. కురబలకోట బంధువులు బుట్టెడు టమోటాలు తెచ్చారు. వీధి చివర ఉండే క్రైస్తవ అత్తమ్మ నా కోసం కళ్ళు మూసుకొని ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక, ఒక సంచి నా తల పక్కనే పెట్టింది. అవీ టమోటాలే. ఆ వాసనకు చెమటలు పట్టి, ఊపిరాడక, మంచం కింద దూరేవాడిని. వచ్చినవాళ్ళు వంగి, "దెబ్బే తగల్లేదు గదప్పా, యాల ఇట్లుండావు?" అని మంచం కిందికే పలకరించి పోయేవాళ్ళు. అమ్మ మాత్రం ఇది దడుపేనని తేల్చి దర్గాలో తాయెత్తు కట్టించింది.

ఒక మధ్యాహ్నం కుక్కరు ఈల వేసింది. బండి మళ్ళీ పడుతోందనుకున్నాను. పక్కన ఆడుకుంటున్న నా ఐదేళ్ళ కూతురిని కాపాడాలని దాని మీద పడ్డాను. గచ్చుకు తగిలి పాప పెదవి చిట్లింది. ఆ రోజు నుంచి నేనున్న గదిలోకి రావడం మానేసింది. అన్నం కూడా వాకిట్లోనే తినేది. బుట్టలూ తాయెత్తులూ భరించాను గానీ, ఇది భరించలేకపోయాను.

మదనపల్లెలో డాక్టరమ్మకు చూపిద్దామంది నా భార్య. అక్కడికి పోవాలన్నా రోడ్డు మీదే కదా పోవాలి! ఆమె స్కూటీ నడిపింది. మలుపు వచ్చినప్పుడల్లా నేను దిగిపోయి, నడిచి, అవతల ఎక్కేవాడిని. ఆమె బండి తోసుకుంటూ నా పక్కనే నడిచింది. "పెండ్లిలో ఏడడుగులే ఏయించినారు. మిగతావి ఈ పొద్దు ఏయిస్తాండావు" అంది.

డాక్టరమ్మ అంతా విని, ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పింది. "ఇది పిచ్చి కాదు. బండి ఆ రోజే పడిపోయింది. మీ ఒంటికి మాత్రం ఇంకా పడుతూనే ఉంది. తగ్గుతుంది, కానీ టైం పడుతుంది. అందాకా ఇంట్లోవాళ్ళు ముందుగా చెప్పకుండా పెద్ద చప్పుళ్ళు చేయకూడదు" అంది.

అమ్మ దాన్ని వేదవాక్కుగా తీసుకుంది. "కుక్కరు మూడు ఈలలేస్తాది, మొదటిది ఇబ్బుడే!" "తలుపేస్తాండా!" "తుమ్మొస్తాండాది నాయనా!" మా ఇల్లు రైల్వే స్టేషనైపోయింది. పక్కింటాయన కూడా బైకు స్టార్ట్ చేసే ముందు గోడ మీది నుంచి కేకేసేవాడు. నాకు నవ్వొచ్చేది. నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఒక సాయంత్రం పాప గడప అవతల నిలబడింది.

"నాయనా, నేను లోపలికొస్తాండా." వచ్చింది. "నీ పక్కన కూసుంటాండా." మూరెడు దూరంలో కూర్చుంది. పెదవి మీద మచ్చ కనబడింది.

"పాపా, నేనిప్పుడు ఏడుస్తాండా. బయపడవాకు" అన్నాను.

అది నా చేతుల వైపు చూసింది. "సరే, ఏడువు. నా మీద పడవాకు."

రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని ఏడ్చాను. అయిపోయేదాకా పాప లేవలేదు.