లోపలి గడియ

మా ఆయన అక్కను నేను వదినా అని పిలుస్తాను. ఆమె ఉండేది మౌలాలిలో, మేము ఉండేది మారేడ్‌పల్లిలో. ఆటో ఎక్కితే అరగంట దారి. ఇరవై రెండేళ్లుగా ఆమె మా ఇంటికి పొద్దున వచ్చి, మధ్యాహ్నం భోంచేసి, చాయ్ తాగి, దీపాలు పెట్టే వేళకల్లా చెప్పులు వేసుకునేది. పండగైనా అంతే, పేరంటమైనా అంతే. "ఉండు వదినా, పొద్దున పోవచ్చు" అంటే, "నా మంచం మీద తప్ప నాకు నిద్ర పట్టదే" అని నవ్వేది. అది అబద్ధమని నాకు తెలుసు. యాత్రలకు పోయినప్పుడు సత్రాల్లో చాప మీద ఎంత హాయిగా గురకపెట్టి నిద్రపోయిందో ఆమే మాకు కథలుగా చెప్పింది.

ఇంకో సంగతి నన్ను లోపల పొడుస్తూ ఉండేది. అమ్మానాన్నలు పోయాక ఆడబిడ్డకు తమ్ముడి ఇల్లే తల్లిగారిల్లు. మా వైపు అందరూ అలాగే అంటారు. వదిన మాత్రం ఎవరితో చెప్పినా "మా తమ్మునింటికి పోతున్న" అనేది. తల్లిగారిల్లు అన్న మాట మా ఇంటి గురించి ఆమె నోట ఒక్కసారీ రాలేదు. అది రాకుండా చేసింది నేనే.

మేము ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఆమె ఒకే ఒక్క రాత్రి ఇక్కడ పడుకుంది. హాల్లో కింద పరుపు వేశాను. తెల్లవారుజామున ఐదింటికి నల్లా వచ్చింది. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు వచ్చే ఆ గంట నీళ్లే మాకు ప్రాణం. డ్రమ్ము వెనక గదిలో ఉండేది. వాకిట్లో బకెట్లు నింపుకుని హాలు దాటి అక్కడికి మోసుకుపోవాలి. దారికి అడ్డంగా వదిన పరుపు. నేను వంగి ఆమె భుజం తట్టి, "వదినా, జెర లే, పరుపు తీస్త, నల్లా వచ్చింది" అన్నాను. ఆమె లేచింది. పరుపు తనే మడిచింది. నాతో పాటు నాలుగు బకెట్లు మోసింది కూడా. చాయ్ తాగకుండానే మొదటి బస్సుకు వెళ్లిపోయింది. పుట్టింటికొచ్చిన ఆడపిల్లను నిద్రలోంచి లేపి నీళ్లు మోయించిన ఘనత నాది.

"గదంతా మా అక్క ఎప్పుడో మరిచిపోయింది" అనేవారు మా ఆయన. మగవాళ్లకు అన్నీ ఎప్పుడో మరిచిపోయినట్టే ఉంటుంది.

మొన్న ఎండాకాలం వదిన ఇంట్లో పాత బండలు తీసేసి టైల్స్ వేయించే పని పెట్టుకుంది. ఇల్లంతా తవ్వి పోస్తారు, పది రోజులు ఇంట్లో కాలు పెట్టేందుకు లేదు. నేను వెంటనే ఫోన్ చేశాను. "ఈ పది దినాలు ఇక్కడనే ఉండు వదినా" అన్నాను.

"పొద్దంత వస్త తియ్యే. పండుకునుడుకు పక్కింటోళ్లకు చెప్పిన" అంది.

పక్కింటోళ్లకు! తమ్ముడు బతికి ఉండగా, ఆయన ఇంట్లో ఒక గది ఉండగా, పక్కింట్లో పడుకుంటుందట. ఒళ్లు మండిపోయింది. నా మీదే మండింది కనుక ఎవరినీ తిట్టే వీలు లేకపోయింది. బండలు తవ్వే పని మొదలు కావడానికి ఇంకా వారం ఉంది. నేను బడిలో పాఠాలు చెబుతాను, నాకు సెలవులు. ఈసారి మా వదిన నా ఇంట్లో పడుకుని తీరాలని పంతం పట్టాను.

మాకు గది ఉందన్నాను గానీ, అది పేరుకే గది. ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిదీ, పారేయడానికి ఎవరికీ మనసొప్పనిదీ ఏదైనా అందులోకే చేరేది. నీళ్ల డ్రమ్ము, బియ్యం డ్రమ్ము, పోయిన ఏటి కూలరు, అంతకు ముందు కూలరు, సూట్‌కేసులో సూట్‌కేసు, దానిలో ఇంకో సూట్‌కేసు. మిక్సీ, కుక్కర్, టీవీ కొన్నప్పటి అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి సజ్జ దాకా ఉండేవి. ఆ మిక్సీ పోయి ఎనిమిదేళ్లయింది, పెట్టె మాత్రం పదిలంగా ఉంది. మా ఆయనను అడిగితే, "పడేస్తే వారంటీ ఇయ్యరు" అన్నారు. పోయిన మిక్సీకి వారంటీ ఏమిటని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

రెండు రోజుల్లో గది ఖాళీ చేశాను. కబాడీ అతను మూడుసార్లు తోపుడుబండి నింపుకుని పోయాడు. నీళ్ల డ్రమ్మును వంటింటి వెనక వసారాలోకి దొర్లించాం. గోడలకు లేత పిస్తా రంగు వేయించాను. మా ఆయన క్రీమ్ కలర్ అన్నారు. ఆయన ఏ గదికైనా క్రీమ్ కలరే అంటారు. జనరల్ బజార్‌కు పోయి, నాలుగు దుకాణాలు ఎక్కి దిగి, ఆకుల అంచున్న పరదాలు తెచ్చాను. మంచం, దానికి కొత్త పరుపు వచ్చాయి. పెళ్లిళ్లలో వచ్చిన మంచి దుప్పట్లు, చుట్టాలకని ఏళ్ల తరబడి బీరువాలో దాచినవి, ఈసారి నిజంగానే చుట్టానికి తీశాను. కిటికీలో మనీప్లాంట్, గోడకు అద్దం, మూలకు చిన్న బల్ల, బల్ల మీద ఇత్తడి చెంబు. ఎవరూ లేనప్పుడు గుమ్మంలో నిలబడి చూసుకుని మురిసిపోయాను. ఇంత చక్కటి గదిని చూసి కూడా మా వదిన పోతానంటుందా అనుకున్నాను.

ఆదివారం ఆమె భోజనానికి వచ్చింది. గోంగూర మాంసం చేశాను, ఆమెకు ఇష్టం. తిన్నాక గది చూపించాను. గుమ్మంలోనే ఆగి, చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని చుట్టూ చూసింది.

"మంచిగున్నదే. లాడ్జి లెక్కున్నది" అంది.

పొగిడిందో తిట్టిందో తెలియలేదు. "జెర నడుం వాల్చు వదినా" అని బలవంతంగా మంచం మీద కూర్చోబెట్టి బయటికొచ్చాను. లోపలి నుంచి కరకరమని చప్పుడు. ఆమె ఇటు తిరిగితే కరకర, అటు తిరిగితే కరకర. పరుపుకు వచ్చిన ప్లాస్టిక్ కవరు నేను తీయలేదు. దాని మీదే దుప్పటి పరిచాను. మా ఇంట్లో టీవీ రిమోట్‌కు కవరే, సోఫాకు కవరే, కొత్త పరుపును కవరు తీసి పాడు చేసుకుంటామా?

ఐదు నిమిషాలు కూడా కాలేదు, వదిన లేచింది. "నీ పరుపు నాకంటే ఎక్కువ మాట్లాడుతున్నదే" అంది. చీర సవరించుకుందామని తలుపు వేయబోయింది. తలుపు వచ్చి చౌకట్టుకు తగిలి, మళ్లీ మెల్లగా తెరుచుకుంది. ఇంకోసారి వేసింది. మళ్లీ తెరుచుకుంది. అప్పుడు చూశాం ఇద్దరం. సామాన్ల గది కదా, దానికి గొళ్లెం బయటి వైపే ఉంది. లోపల ఏమీ లేదు.

"ఏందే, చుట్టాలను లోపలేసి బయట గొళ్లెం పెడుడు సుత షురూ చేసినవా?" అని పకపకా నవ్వింది. ఐదింటికి చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. చేతిసంచి వచ్చినప్పటి నుంచి పోయేదాకా ఆమె ఒళ్లోనే ఉంది.

ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గేం లేదు చెప్పుకోవడానికి. పిస్తా రంగు నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంది. కాసేపయ్యాక ఏడుపు ఆగి, ఆమె కూర్చున్న చోటే కూర్చుని, ఆమె చూసినట్టే చూశాను. సంచి ఎక్కడ పెట్టుకుంటుంది? బల్ల నిండా నా ఇత్తడి చెంబు. ఈ గదిలో బీరువా తెరిస్తే నా చీరలే, మా పడకగదిలో చోటు చాలక ఇక్కడికి చేర్చినవి. తడి తువ్వాలు ఆరేసుకోవడానికి ఒక మేకు లేదు. నేను గదిని చూడ్డానికి తయారు చేశాను గానీ, ఉండడానికి కాదు. అన్నిటికంటే ముందు ఆ తలుపు. ఒకసారి నిద్రలోంచి లేపిన మనిషిని, ఎవరు ఎప్పుడైనా తోసుకుని రాగల గదిలో పడుకోమన్నాను.

సోమవారం పొద్దున్నే పరుపు కవరు కత్తెరతో చించి పారేశాను. మా ఆయన ప్రాణం పోయినట్టు చూశారు. బీరువాలో రెండు అరలు ఖాళీ చేసి, తుడిచి, కాగితం పరిచాను. చెంబు తీసేసి బల్ల ఖాళీగా వదిలాను. తువ్వాలుకు మేకు కొట్టాను. గడియ కోసం వడ్రంగికి ఫోన్ చేస్తే రేపు వస్తానన్నాడు. వడ్రంగి రేపు ఎప్పుడొస్తుందో లోకానికి తెలుసు. ఇక లాభం లేదని హార్డ్‌వేర్ షాపుకు పోయి గడియ తెచ్చాను, స్క్రూడ్రైవర్ నేనే పట్టాను.

"నీకు వచ్చా?" అన్నారు మా ఆయన.

"రాదు. తలుపు పట్టుకోండి" అన్నాను.

మొదటిసారి గడియ చౌకట్టు బెజ్జం కంటే వేలెడు పైకి పోయింది. రెండోసారి అంతే కిందికి. మా ఆయన తలుపు పట్టుకుని, చెమటలు కక్కుతూ, "గిట్ల కాదే, గిట్ల" అని సలహాలు ఇస్తూనే ఉన్నారు. అరచేతిలో బొబ్బ లేచింది. మూడోసారి గడియ జరిపితే ఠక్కున పోయి కూర్చుంది. లోపలికి పోయి వేసుకున్నాను. "తోయండి" అన్నాను. ఆయన తోశారు. కదల్లేదు. "గట్టిగా తోయండి!" భుజం పెట్టి తోశారు. కదల్లేదు! నా చేత్తో నేను వేసిన గడియ! లోపల ఒక్కదాన్నే గంతులేశాను, యాభై దాటిన దాన్ని. తలుపు మీద అక్కర్లేని బెజ్జాలు ఎనిమిది మిగిలాయి. ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పూడ్చనివ్వను.

తవ్వకం మొదలైన రోజు సాయంత్రం వదిన దుమ్ము కొట్టుకుని వచ్చింది. స్నానం చేసింది, అన్నం తింది. పక్కింటికి పోతానని లేవబోతుంటే ఆమె సంచి అందుకుని గదిలోకి పోయి, ఖాళీ అరలో పెట్టాను. ఆమె నా వెనకే వచ్చింది. తలుపు వైపు చూసింది. గడియ చూసింది, బెజ్జాలు చూసింది, నా అరచేతి బొబ్బ చూసింది.

"ఎవరు పెట్టిన్రే ఇది?"

"నేనే. లోపలికెల్లి ఏస్కో."

"పొద్దుగాల నల్లా వస్తదేమో" అంది నా ముఖం చూడకుండా. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ మాట మొదటిసారి బయటికొచ్చింది. ఆమె మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు.

"వస్తే నేను చూస్కుంట. నువ్వు లేవకు" అన్నాను.

ఆమె పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది. చప్పుడు లేదు. నేను బయటికొచ్చాను. లోపల ఠక్కుమని గడియ పడింది. ముఖంలో ముఖం పెట్టి చెప్పే ధైర్యం లేక, మూసిన తలుపుతోనే చెప్పాను.

"వదినా, ఆ దినం నిన్ను లేపుడు నాదే తప్పు."

లోపల దిండు దులిపిన చప్పుడైంది.

"ఇప్పుడన్న పండుకోనిస్తవా లేదా?" అంది వదిన.

తెల్లారి ఐదింటికి నల్లా వచ్చింది. బకెట్‌లో చప్పుడు కాకుండా నల్లాకు పాత బనియన్ కట్టాను. మా ఆయన దగ్గితే వాకిట్లోకి పోయి దగ్గమన్నాను. "ఇది నా ఇల్లేనా?" అని గొణిగారు గానీ పోయారు. పాలవాడు గంట కొట్టకముందే గేటు దగ్గర నిలబడి పాలు తీసుకున్నాను. ఆరు అయింది, ఏడు అయింది, ఎనిమిది అయింది. తలుపు తెరుచుకోలేదు. ఒక్కో గంట గడుస్తుంటే నాకు ఆటలో గెలుస్తున్నంత సంబరం. ఎనిమిదిన్నరకు గడియ తీసిన చప్పుడైంది. చెంప మీద దిండు గలీబు ముడతలు పడి, జుట్టు రేగిపోయి, వదిన బయటికొచ్చింది.

"గింత పొద్దెక్కినంక సుత లేపరానే?" అని కసిరింది.

"లేపను" అన్నాను. నా జన్మలో అంత గర్వంగా ఇంకే మాటా అనలేదు.

పక్కింటి ఊసు మళ్లీ రాలేదు. పది రోజులూ మా ఇంట్లోనే పడుకుంది. మేకుకు ఆమె తువ్వాలు, బల్ల మీద ఆమె దువ్వెన, కళ్లద్దాలు, నొప్పుల తైలం. నా పిస్తా గదికి తైలం వాసన పట్టింది. పరదాలను ఆమె ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. మెచ్చుకోకపోతే పోనీ.

పదకొండో రోజు పొద్దున టైల్స్ మేస్త్రీ ఫోన్ చేశాడు. నేను వంటింట్లో ఉప్మా కలుపుతున్నాను. వదిన మంచం మీద కాళ్లు చాపుకుని మాట్లాడుతోంది. తలుపు బార్లా తెరిచే ఉంది కనుక ప్రతి మాటా వినపడింది.

"పని అయిపోయిందా? అయితే కానియ్. ఏం తొందరలేదు బిడ్డా, మంచిగ ఆరనియ్. నాకేం తక్లీఫ్ లేదు. నేను మా తల్లిగారింట్ల ఉన్న."

గరిటె చేతిలోనే ఆగిపోయింది. ఉప్మా అడుగంటిన వాసన వస్తున్నా పట్టించుకోలేదు. హాల్లో పేపర్ చదువుతున్న మా ఆయన వైపు చూశాను, విన్నారా అన్నట్టు. ఆయనకు ఎప్పటిలాగే ఏమీ వినపడలేదు. అప్పుడు వంటింట్లోంచే, వీధి చివరి దాకా వినపడేంత గట్టిగా అరిచాను.

"వదినా, ఇంకో వారం ఆరనియ్యుమను!"