ఎవరి గిన్నె వాళ్లది

కమ్మరి నొర్ఫెల్ కుర్రతనంలో ఒక పెళ్లివిందులో తన చోటు దాటి వరసలో ఒక మనిషికి ఎగువన కూర్చున్నాడు. మంచుకొండల మధ్య జాంస్కార్‌లో పొయ్యి పక్కన పెద్దింటివాళ్లు, వరస చివర గుమ్మం దగ్గర కమ్మరి కూర్చోవాలి. ఇంటి యజమాని త్సెవాంగ్ లేచి వచ్చి, అతని గిన్నె లాక్కుని వాకిట్లోకి విసిరేశాడు. నొర్ఫెల్ వెళ్లి దాన్ని ఏరుకుని, దులుపుకుని, గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

త్సెవాంగ్ మనవడు స్టాంజిన్ ఆ సంగతిని చిన్నప్పటినుంచి ఇంట్లో నవ్వులాటగానే విన్నాడు.

ఒక ఏడు మంచు రోజుల తరబడి తెరిపివ్వలేదు. ఒక ఉదయం కొండ మీది మంచు విరిగి పైవరస ఇళ్లను కప్పుల దాకా పూడ్చేసింది. వాళ్లకి అందుబాటులో నిలిచింది ఊరికి ఎడంగా విసిరేసినట్టున్న కమ్మరి కొలిమి ఒక్కటే. బయటపడ్డవాళ్లు తలుపుచెక్కలతో, రొట్టెల పెనాలతో పక్కవాళ్ల కోసం తవ్వుతున్నారు. నొర్ఫెల్ కొత్త పారలన్నీ తెచ్చి పంచాడు.

"అమ్మకానికి చేసినవి కదా, మామా?" అన్నాడు స్టాంజిన్.

"మంచుకి అమ్మేశాను. తవ్వు."

స్టాంజిన్ వాళ్ల వంటింట్లో మంచు కింద త్సెవాంగ్ దొరికాడు. ఒళ్లు కొయ్యబారింది, ఊపిరి మాత్రం ఉంది. నొర్ఫెల్ తన తొడుగులు ముసలాయన చేతులకు తొడిగి, వీపున వేసుకుని కొలిమికి మోసుకొచ్చాడు. పక్కింటి పద్మా లామో తన దుప్పటి చుట్టింది. ఉప్పుటీ కాగింది. అక్కడున్నది కమ్మరి గిన్నె ఒక్కటే.

ముసలాయన మొహం తిప్పుకున్నాడు. "నా గిన్నె తెండి."

"తాతా, చచ్చిపోతావు."

"దీంట్లో తాగి బతికితే రేపు వరసలో నన్నెక్కడ కూర్చోబెడతారు?"

"వాడి వీపెక్కినప్పుడు లేదా ఈ మైల?" అంది పద్మా లామో.

"వీపు నోట్లో పెట్టుకోలేదుగా."

పెదాలు నీలమైపోతున్న మనిషి ఆ మాట అన్నాడు. స్టాంజిన్ తల తిప్పి చూస్తే కొలిమిలో నొర్ఫెల్ లేడు.

చాలాసేపటికి వెండి తొడుగు వేసిన త్సెవాంగ్ చెక్కగిన్నె పట్టుకుని వచ్చాడు. పార తగిలితే పగులుతుందని వంటింటి మంచులో వట్టి చేతులతో వెతికాడట. వేళ్లు మైనంలా తెల్లబడి గిన్నెను వదలడం లేదు. పద్మా లామో ఒక్కొక్కటే విడదీసింది. త్సెవాంగ్ కడుపునిండా తాగాడు. బతికాడు.

మబ్బు విడిచాక హెలికాప్టర్ వచ్చింది. లేహ్ ఆసుపత్రిలో నొర్ఫెల్ కుడిచేతి వేళ్లు నాలుగు తీసేశారు. సుత్తి పట్టే చెయ్యి అది. తరవాతి కొత్తేడు విందులో త్సెవాంగ్ పొయ్యి పక్కన కూర్చున్నాడు. నొర్ఫెల్ గుమ్మం దగ్గర, ఎడంచేత్తో తాగుతూ.

ఊరు విడిచిపోతూ స్టాంజిన్ ఆఖరిసారి చల్లారిన కొలిమికి వెళ్లాడు. "ఆ గిన్నె కోసం ఎందుకెళ్లావు మామా? చావనివ్వకపోయావా?"

నొర్ఫెల్ మిగిలిన బొటనవేలితో గడ్డం గోక్కున్నాడు.

"చస్తే మోయడానికి మీవాళ్లున్నారు, నన్ను ముట్టనివ్వరు. ఊపిరి ఉన్నంతసేపే కదా బాబూ, నా వంతు."