డెబ్బై ఒకటి, మార్లో వీధి

అర్డెల్లా గాడ్సన్ పెరిగిన ఇల్లు యాభై ఏడేళ్ళు గాల్లో ఉంది. నేను చమత్కారానికి అనడం లేదు. ఆ ఇల్లున్న నేలను పాతిక అడుగుల లోతు తవ్వి, ఆ గోతిలో ఆరు వరసల రోడ్డు వేశారు. గడపా, వంటిల్లూ, పడకగదీ ఉండాల్సిన చోట ఉత్త గాలి మిగిలింది. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆవిడ వంతెన మీద ఆగేది. అందరూ కిందికి చూస్తే ఆవిడ ఎదురుగా చూసేది. "అదిగోరా మా వంటిల్లు" అని వేలు పెట్టి చూపించేది. ఆ వేలి కింద లారీలు పోతుండేవి.

నా పేరు కెర్మిట్ బ్లాక్‌షీర్. అచ్చు పని నా బతుకు. మా నాన్న పెట్టిన ప్రెస్సునే నేనూ నడిపాను. ఊళ్ళో నల్లవాళ్ళ చర్చిలన్నిటికీ చావు ప్రోగ్రాములు వేసింది మేమే. మాలో మనిషి పోతే ప్రోగ్రాం అచ్చు వేయించడం తప్పనిసరి. పైన ఫొటో, లోపల ఆ మనిషి బతుకంతా ఒక్క పేజీలో, వెనక పాటలు. ఎక్కడ పుట్టాడు, ఏ ఇంట్లో ఉన్నాడు, ఎవరెవరిని వదిలి వెళ్ళాడు, అన్నీ ఉండాలి. ఆడవాళ్ళు వాటిని పారేయరు. బైబిల్లో పెట్టుకుంటారు, బైబిలు పట్టకపోతే బిస్కెట్ల డబ్బాల్లో దాస్తారు. అర్డెల్లా దగ్గర అలాంటి డబ్బాలు పద్నాలుగు ఉండేవి.

చర్చి గుమ్మం దగ్గర తెల్ల బట్టలు, తెల్ల గ్లవ్స్ వేసుకుని ప్రోగ్రాములు పంచే పని ఆవిడది. నలభై ఏళ్ళు పంచింది. వారం పొడుగునా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఆదివారం ఆ గ్లవ్స్ తొడుక్కుంటే పాస్టరు గారు కూడా ఆవిడ వేలు చూపించిన బల్ల మీదే కూర్చునేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "నేను ఉతికిన దుప్పట్ల మీద ఎంతమంది మగాళ్ళు మూలుగుతూ పడుకున్నారో నీకేం తెలుసు, ఆ ముచ్చట తీరిపోయింది" అనేది.

వాళ్ళది ఫ్లోరిడా. ఆమెకు ఐదేళ్ళప్పుడు అమ్మా నాన్నా చిక్కుడుకాయలు కోసే పనికి ఇటు వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. మార్లో వీధిలో డెబ్బై ఒకటో నెంబరు ఇల్లు వాళ్ళ నాన్న వాయిదాల మీద కొన్నాడు. అప్పట్లో బ్యాంకులు మా మొహం చూసేవి కావు. అమ్మినవాడికే నెలనెలా కట్టుకుంటూ పోవాలి. ఆఖరి వాయిదా కట్టేదాకా కాగితాల్లో ఇల్లు వాడిదే. వాళ్ళు ఇటు వచ్చిన తొమ్మిదో ఏట గోతి వచ్చింది. పరిహారం ఎవరి పేరు మీద కాగితం ఉందో వాడికి పోయింది. గాడ్సన్ కుటుంబానికి వచ్చింది ముప్పై రోజుల గడువు. ఆ వీధిలో ముప్పై ఒక్క ఇళ్ళు, బడి, రెండు కొట్లు లేచిపోయాయి. వాళ్ళను పదకొండో అంతస్తులో రెండు గదుల్లోకి ఎక్కించారు. అర్డెల్లాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. చచ్చేదాకా ఆ రెండు గదుల్లోనే ఉంది.

తీరా అంత పెద్ద గోతి తవ్వాక ఊరే చిక్కిపోయింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, కార్లు తగ్గిపోయాయి. ఆరు వరసల రోడ్డు మీద మధ్యాహ్నం పూట కాకులు నడిచేవి. చివరకు నగరంవాళ్ళకు జ్ఞానోదయమైంది. గోతి పూడ్చి, పైన మామూలు వీధి వేసి, ఇళ్ళు కడతామన్నారు. తవ్విన రోజున చప్పట్లు కొట్టినట్టే పూడ్చే రోజునా చప్పట్లు కొట్టారు.

రెండేళ్ళు లారీలు మట్టి పోశాయి. అర్డెల్లా పొద్దున్నే వంతెన మీదికి వెళ్ళి నిలబడేది. నేనూ ఒకటి రెండు సార్లు తోడు వెళ్ళాను. ఒకరోజు కంచె పక్కన ఆగిన లారీ డ్రైవరును కేకేసింది.

"ఒరే నాయనా, ఆ మూల నెమ్మదిగా పొయ్యి. అక్కడ మా అమ్మ గులాబీలున్నాయి."

"గులాబీలెక్కడివి పెద్దమ్మా? అక్కడున్నది గొయ్యి."

"నువ్వు పుట్టకముందు సంగతిలే. చెప్పినట్టు చెయ్యి."

వాడు నవ్వి, టోపీ తీసి దణ్ణం పెట్టి, నిజంగానే నెమ్మదిగా పోశాడు. మట్టి వీధి మట్టానికి వచ్చిన రోజున ఆవిడ కంచె సందులోంచి లోపలికి దూరింది. ఆ వీధిలో మిగిలింది లూథరన్ చర్చి ఒక్కటే. దాని మెట్ల దగ్గర నుంచి నూట పన్నెండు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి ఆగింది. "ఇదే. కాళ్ళు నేల మీద ఆనాయిరా కెర్మిట్" అంది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకూ ఏడుపొచ్చింది, చలి అని చెప్పి ముక్కు తుడుచుకున్నాను.

అప్పుడే ఒక కబురు వచ్చింది. కొత్తగా కట్టే భవనంలో ఇరవై వాటాలు పాత వీధివాళ్ళకూ వాళ్ళ వారసులకూ తక్కువ అద్దెకు ఇస్తారట. ఆ వీధిలో ఉన్నట్టు పాత కాగితం ఒకటి చూపించాలి. అర్డెల్లాకు డెబ్బై నాలుగేళ్ళు. ఆవిడకు కావలసింది ఒకటే, ఆ నేల మీద, కింది అంతస్తులో, తలుపు తీస్తే వీధిలోకి అడుగు పెట్టే ఒక గది. "లిఫ్టు ఎక్కి ఇంటికి పోవడం మనుషులు చేసే పనేనా? అరవై ఏళ్ళుగా బట్టల మూటలా ఎక్కుతున్నా, దిగుతున్నా" అనేది.

మావాళ్ళ దగ్గర కాగితాలెక్కడివి? ఇళ్ళ పత్రాలు అమ్మినవాళ్ళ పేరున. బడి రికార్డులు బడితోపాటే పోయాయి. కరెంటు బిల్లులు ఎవరు దాస్తారు? అర్డెల్లా తన డబ్బాలు దించింది. ఆ వీధిలో పోయినవాళ్ళ ప్రోగ్రాములు ఏరి, ఇళ్ళు పోయినవాళ్ళ కోసం నగరం తెరిచిన ఆఫీసుకు పట్టుకెళ్ళి బల్ల మీద పరిచింది. "ఫలానా నెంబరు ఇంట్లో కన్నుమూశారు" అని మా నాన్న పేర్చిన అక్షరాలు. ఆఫీసువాళ్ళు వారం తలలు పట్టుకుని, చివరికి అచ్చైన కాగితమే కాబట్టి చెల్లుతుందన్నారు. అలా ఆవిడ డబ్బాల పుణ్యమా అని తొమ్మిది కుటుంబాలకు రుజువు దొరికింది.

ఆవిడకే దొరకలేదు. ఆ ఇంట్లో ఉండగా వాళ్ళలో పోయింది ఒక్కడే, తమ్ముడు జూనియస్. ఆరేళ్ళవాడు, అమ్మా నాన్నలతో కోతలకు వెళ్ళి, తోట కూలీల క్యాంపులో నీళ్ళ గుంటలో పడి పోయాడు. జిల్లా రికార్డులో చిరునామాగా క్యాంపు పేరే రాసుకున్నారు. మా నాన్న వాడికి నలభై ప్రోగ్రాములు వేశాడు. అర్డెల్లా దగ్గర మిగిలిన ఒక్కటీ వాళ్ళమ్మ పోయినప్పుడు ఆమె చేతుల్లో పెట్టి శవపెట్టె మూశారు. తల్లి కోరిక అది, మాలో ఎవరైనా అదే చేస్తారు. ఇక మా ప్రెస్సు నమూనా కట్టల్లో ఒకటి ఉండాలి. ఉండేది కూడా. కంప్యూటరు కొన్న ఏడాది, చోటు చాలడం లేదని ఆ కట్టలన్నీ చెత్త బండికి ఎత్తించిన ఘనుణ్ణి నేనే.

ఒక మధ్యాహ్నం అర్డెల్లా ప్రెస్సుకు వచ్చింది. సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. జూనియస్ ప్రోగ్రాం మొత్తం గుర్తు పెట్టుకుని చేత్తో రాసుకొచ్చింది, పాటల వరసతో సహా.

"మీ నాన్న సీసం అక్షరాలు ఇంకా ఉన్నాయిగా? పాత కాగితం కూడా పైన అటక మీద ఉందన్నావు. ఒక్క కాపీ వెయ్యి."

"అక్కా, పాత తేదీతో కొత్త కాగితం వెయ్యడమంటే దొంగపత్రం. పట్టుకుంటే ఇద్దరం లోపలికే."

"ఇందులో అబద్ధం ఏముందో చూపించు. పిల్లాడు పుట్టలేదా? చావలేదా? ఆ ఇంట్లోంచే పెట్టె లేవలేదా?"

"నిజమే. కానీ మా షాపు పేరుందక్కా. ఇంతవరకూ ఒక్క అబద్ధం అచ్చు వెయ్యలేదు."

ఆవిడ నవ్వింది. "ఆహా! రాస్కో టిమ్మన్స్‌ను 'ఏకపత్నీవ్రతుడు' అని వేసిందెవర్రా? ఇద్దరు పెళ్ళాలూ రెండు బల్లల మీద కూర్చుని చదువుకున్నారు. వాళ్ళకి గ్లవ్స్ చేతుల్తో అందించింది నేను. అప్పుడెక్కడికి పోయింది నీ షాపు పేరు?"

అప్పుడే ఆవిడ కళ్ళు నా వెనక ఆరబెట్టిన కాగితాల మీద పడ్డాయి. నగరంవాళ్ళ ఆహ్వాన పత్రికలు, కొత్త వీధి ప్రారంభోత్సవానికి, రెండు వేల కాపీలు. దగ్గరికి వెళ్ళి ఒకటి తీసి చదివింది.

"ఓహో. ఇదా సంగతి. గోతి పూడ్చినవాళ్ళ పెళ్ళి పత్రిక నీకే ఇచ్చారన్నమాట."

"దానికీ దీనికీ సంబంధం లేదక్కా."

సంబంధం ఉంది. అదే ఉంది. పదేళ్ళుగా నగరం పని కోసం కాళ్ళరిగేలా తిరిగి అప్పుడే సంపాదించాను. దొంగపత్రం సంగతి బయటపడితే ఆ పని పోతుందని భయపడ్డాను. దానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ తన కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, తలుపు మెల్లగా వేసి వెళ్ళింది.

తర్వాతి ఆదివారం గుమ్మం దగ్గర అందరికీ ఇచ్చినట్టే నాకూ పాటల కాగితం ఇచ్చింది. "రండి బ్రదర్ బ్లాక్‌షీర్, మూడో వరసలో కూర్చోండి" అంది. నేను డైపర్లలో ఉన్నప్పటి నుంచి నన్ను ఒరే అని తప్ప పిలవని మనిషి. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఒరే అనలేదు.

కాగితం లేనివాళ్ళకు ఆఫీసువాళ్ళు పెట్టిన విచారణకు వెళ్తే ఎనిమిది నిమిషాలు ఇచ్చారట. ఆ ఎనిమిది నిమిషాల్లో ముప్పై ఒక్క ఇళ్ళూ వరసగా చెప్పింది, ఎవరి ఇల్లు ఎక్కడ, ఎవరి కుక్క పేరేమిటి. తొమ్మిది కుటుంబాలవాళ్ళూ సాక్ష్యం చెప్తామన్నారు. వాళ్ళూ దరఖాస్తుదారులే కాబట్టి కుదరదన్నారు. "జ్ఞాపకం పత్రం కిందికి రాదమ్మా" అన్నాడట అధికారి, ఎంతో మర్యాదగా.

భవనం లేచింది. ఇరవై వాటాల్లో తొమ్మిదే నిండాయి. మిగతావాటికి పాత కాగితాలున్నవాళ్ళు దొరకలేదని తాళాలు వేసి ఉంచారు. లూథరన్ చర్చి మెట్ల నుంచి నూట పన్నెండు అడుగులు నడిస్తే ఇప్పుడు అద్దాల గది వస్తుంది. అందులో పై అంతస్తులవాళ్ళు కుక్కలకు స్నానాలు చేయిస్తారు, గోరువెచ్చని నీళ్ళతో. అర్డెల్లా అద్దం బయట నిలబడి చూడటం నేను కారులోంచి చూశాను. కారు ఆపలేదు.

రెండేళ్ళ తర్వాత ఫిబ్రవరిలో, లిఫ్టు పాడై నాలుగు రోజులు కిందికి దిగలేక, ఐదో రోజున మంచం మీదే పోయింది. గుండె అన్నారు. అన్న కూతురు షరీస్ అట్లాంటా నుంచి వచ్చింది. ప్రోగ్రాం నేనే వేస్తానన్నాను, ఊరికే. అటక మీది మంచి కాగితం దించాను, మా నాన్న అక్షరాలు కూర్చాను. మూడు రాత్రులు పట్టింది. లోపలి పేజీలో "మార్లో వీధి, డెబ్బై ఒకటో నెంబరు ఇంట పెరిగి" అని వేశాను. చచ్చినవాళ్ళ గురించి ఏం వేసినా ఎవరూ విచారణ పెట్టరు కదా.

నెల తిరక్కముందే షరీస్‌కు ఉత్తరం వచ్చింది. మిగిలిన వాటాలకు మళ్ళీ దరఖాస్తులు తీసుకుంటున్నారట, వారసులు కూడా పెట్టుకోవచ్చట. ఆమెకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ఖాయమైంది. కారులో నేనే ఆఫీసుకు తీసుకెళ్ళాను.

బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ ఫారం తిరగేసింది.

"ఆ వీధి పేరున్న కాగితం ఏదైనా తెచ్చారా?"

షరీస్ సంచి వెతికింది. అందులో ఉన్నది ఒక్కటే. మొహమాటంగానే ఆ ప్రోగ్రాం తీసి ఇచ్చింది. బల్ల వెనకావిడ చెల్లే కాగితాల జాబితా మీద వేలు పెట్టి చదివింది. "చావు ప్రోగ్రాం... ఆఁ, ఉంది. వీధి... నెంబరు... ఇంటిపేరు గాడ్సన్..." ముద్ర తీసి టపీమని కొట్టింది. "అచ్చు ఎంత బాగుందండీ! పాతకాలం పని."

"ఇది పోయిన నెలదండీ" అంది షరీస్. "పైన మా అత్త పోయిన తేదీ కూడా ఉంది."

"ఏ ఏడాదిదో అడగరమ్మా. ఇదిగో చూడండి, ఫారంలో ఆ గడే లేదు. వీధి, నెంబరు, ఇంటిపేరు, అచ్చైన కాగితం. నేను మూడేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, ఏ రోజూ ఏడాది అడగలేదు."

పాత కాగితం అంటే మేమంతా ఆ కాలం నాటిదనే అనుకున్నాం. అడిగినవాడు లేడు. అర్డెల్లా రాసుకొచ్చిన కాగితాన్ని ఆవిడ అడిగిన రోజు తేదీతోనే వేసిచ్చినా సరిపోయేది. కంప్యూటరు మీద పావుగంట పని.

"మీ అత్తగారికి ఇలాంటిదొకటి అప్పట్లోనే ఎవరైనా వేసిచ్చి ఉంటే బాగుండేదమ్మా" అంది బల్ల వెనకావిడ, తాళం చెవులు తీస్తూ.

షరీస్ నా వైపు తిరిగింది. "అంకుల్, మీరు పక్కనే ఉన్నారుగా. అత్త ఎప్పుడూ మిమ్మల్ని అడగలేదా?"

"లేదమ్మా" అన్నాను.