మేడగది అన్న మాట

మా చెల్లెలు ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కింది. టేపు ముట్టకుండానే మనిషిని ఎగాదిగా ఒకసారి చూసి గుడ్డ కత్తిరించేది. సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనకపోయేసరికి, "ఇక చాలన్నయ్యా" అని మిషను మూసేసి, మేడగదిని సెలవులకొచ్చేవాళ్ళకి అద్దెకివ్వడం మొదలుపెట్టింది.

నేనూ తీసిపోయినవాణ్ణి కాను. ఊరి బడిలో ఎనిమిది చదివి, కలప అడితిలో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేశాను. మా వీధికి కుళాయి వచ్చింది నా అర్జీతోనే. నేను నింపిన ఫారం ఏ ఆఫీసు నుంచీ తిరిగొచ్చిన పాపాన పోలేదు. అందుకే అద్దె ఇళ్ళ వెబ్‌సైటులో రాతకోతలన్నీ చెల్లెలు నాకే అప్పగించింది.

అయిదేళ్ళు బాగా నడిచింది. అప్పట్లో ఊరి పేరు కొడితే ఇళ్ళూ గదులూ అన్నీ కలిపి వరసగా కనిపించేవి. ఫొటోలు చూసి జనం ఎంచుకునేవాళ్ళు. దిగిన గంటకల్లా కిందికొచ్చి చెల్లెలితో కబుర్లలో పడేవాళ్ళు. గడప పెద్దగా దాటని మనిషికి లోకమే నడిచొచ్చినట్టుండేది.

"మీ చెల్లెలు అద్దెకిచ్చేది మేడగది కాదు బావా, చెవులు" అని దాని మొగుడు, మా బావ, వేళాకోళం చేసేవాడు.

కిందటేడు ఆ సైటువాళ్ళు వెతికే పద్ధతి మార్చారు. మాకూ ఒక ఫారం పంపారు. మొదటి ప్రశ్న: మీరిచ్చేది ఇల్లా, గదా?

"ఏం రాయమంటావే?"

"మేడగదే కదన్నయ్యా" అంది దుప్పటి మడతపెడుతూ.

'గది' అని పెట్టాను. నిజానికి మేడ మీద మొదట కట్టింది ఒక్క గదే. తర్వాత ఇంకో పడకగది, వంటిల్లు, స్నానాలగది, వేరే మెట్లు చేరాయి. ఇల్లంత అయినా మా నోళ్ళలో అది మేడగదిగానే ఉండిపోయింది.

ఆ తర్వాత వచ్చేవాళ్ళు పలచబడ్డారు. పెద్ద సెలవుల్లో ఒక్కరూ రాలేదు. అయినా చెల్లెలు వారం వారం దుప్పట్లు మార్చేది.

"ఎవరూ పడుకోని దుప్పటి ఉతకడమేమిటే?"

"దుమ్ము పడుకుందిగా. అదీ చుట్టమే."

ఇంతలో ఒక మందుల దుకాణంవాళ్ళు అట్టపెట్టెలు పెట్టుకోవడానికి మేడగదిని మూడేళ్ళ అద్దెకి అడిగారు. ఇచ్చేద్దామన్నాడు బావ. చెల్లెలు నా దగ్గరికొచ్చింది.

"నీ ఫారంలో ఏమైనా తేడా ఉందేమో ఒక్కసారి చూడు అన్నయ్యా. మనుషులుండే చోట పెట్టెలు పెట్టబుద్ధి కావడం లేదు."

"నా ఫారంలోనా?" అన్నాను.

చెల్లెలు మళ్ళీ అడగలేదు. మర్నాడు ఒప్పందం మీద సంతకం పెట్టేసింది.

పది రోజులకి, ఏటా తల్లితో వచ్చి మేడమీద దిగే టీచరమ్మ బజారులో కనబడింది.

"ఇవ్వడం మానేశారా పెద్దాయనా? ఎంత వెతికినా మీ ఇల్లు కనపడలేదు. నాలుగు వీధుల అవతల దిగాం."

ఫోను తీసి చూపించింది. ఇప్పుడు సైటు ముందే ఇల్లు కావాలో గది కావాలో అడుగుతుందట. 'ఇల్లు' నొక్కితే మాది లేదు. 'గది' నొక్కితే మొట్టమొదటిదే మాది, మెట్ల దగ్గర నవ్వుతూ చెల్లెలు.

"ఇదేమిటండీ, గదుల్లో పెట్టారు? పిల్లాపాపలతో వచ్చేవాళ్ళు గది నొక్కుతారా?"

నేను వెళ్ళేసరికి కూలీలు పెట్టెలు పైకి ఎక్కిస్తున్నారు. చెల్లెలు గోడవారగా నిలబడి వాళ్ళకి దారి ఇస్తోంది. జరిగింది చెప్పాను.

"మేడగది అన్నది నేనే కదన్నయ్యా" అంది.

"నువ్వన్నది మాట. రాసింది నేను. చూడమన్నప్పుడు చూడనిదీ నేనే."

ఇంకో పెట్టెకి దారి ఇచ్చింది. తర్వాత, "టీచరమ్మ వాళ్ళమ్మకి తలగడ ఎత్తుగా ఉండాలి. ఆ ఇంటివాళ్ళకి తెలుసో లేదో" అంటూ లోపలికెళ్ళి రెండు తలగడలు తెచ్చింది.

అవి నేనే మోశాను. నాలుగు వీధులూ దాని వెనకే నడిచాను. ఇన్నేళ్ళుగా మేమిద్దరం ఎటు వెళ్ళినా ముందు నడిచింది నేనే.