తిన్నావా అని అడక్కూడదు

సర్వేలకి ప్రశ్నలు రాయడం నా ఉద్యోగం. అనకాపల్లిలో ఓ చిన్న సంస్థ, మందుల షాపు పైన రెండు గదులు. ఒకే ప్రశ్నలో రెండు విషయాలు ఇరికించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ‘మీ ఊళ్ళో నీళ్ళూ రోడ్లూ బాగున్నాయా?’ అని అడిగితే మనిషి ఏం చెప్పాలి? నీళ్ళు బాగుండి రోడ్డంతా గోతులైతే? ఇలాంటివి కొట్టేసీ కొట్టేసీ ఆఫీసులో నాకు ‘ఎర్రపెన్ను’ అని పేరు పడింది.

పోయిన ఏడాది వానల్లో, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి మధ్యాహ్నం భోజనం పంపే పని కోసం ఒక సర్వే వచ్చింది. ఎవరు పస్తులుంటున్నారో తేల్చాలి. ‘నిన్న రాత్రి భోంచేశారా?’ అని రాశాను. చిన్న ప్రశ్న, ఎవరికైనా అర్థమవుతుంది. ముందుగా మునగపాకలో కొన్ని ఇళ్ళలో అడిగి చూశాం. అందరూ చేశామన్నారు. ఒక ముసలావిడైతే, “తిన్నాను బాబూ. నువ్వు తిన్నావా? కూకో,” అని నాకే పీట వేసింది. వెనకాల పొయ్యిలో బూడిద ఎప్పటిదో.

తప్పు నాదే. మా వైపు ‘తిన్నావా’ అన్నది పలకరింపు. గుమ్మంలోకి వచ్చినవాడు అడిగితే తినలేదనడం నామోషీ. వచ్చినవాడికి పెట్టడానికి ఏమీ లేని ఇంట్లో మరీను. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ని, రాసేటప్పుడు ఆ సంగతే తోచలేదు. కొట్టేసి మళ్ళీ రాశాను. ‘నిన్న లేచాక మొదట ఏం తిన్నారు? ఎవరు వండారు? ఆ తర్వాత ఏం తిన్నారు?’ జవాబు వచ్చేదాకా ఆగండి, మీరు అందించకండి అని అడగడానికి వెళ్ళేవాళ్ళకి చెప్పాను. ఈసారి ఆ ముసలావిడ గుప్పెడు అటుకుల దగ్గర ఆగిపోయింది. ఆవిడ పేరు జాబితాలోకి ఎక్కింది. నాకు గర్వంగానే అనిపించింది.

ఆ రోజుల్లోనే, ఎప్పటిలాగే సాయంత్రం ఆఫీసు మెట్లు దిగుతూ కోటవురట్లలో ఉన్న మా అక్కకి ఫోన్ చేసేవాణ్ని. బావ పోయాక ఒక్కతే ఉండేది, బట్టలు కుట్టేది. చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను పెంచింది అక్కే.

“తిన్నావా అక్కా?”

“తిన్నాన్రా. నువ్వో?”

“తిన్నాను.”

అంతే. ఈలోగా బస్సు వచ్చేసేది.

క్రిస్మస్ దగ్గరపడుతుండగా పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. అక్క కుట్టుమిషన్ మీదే సొమ్మసిల్లిపోయిందట. ఆటోలో అనకాపల్లి ఆసుపత్రికి తీసుకొచ్చాం. మంచం మీద చీరే ఉంది గానీ అందులో మనిషి లేదు. డాక్టరమ్మ చిన్నపిల్ల. అక్క పక్కన కూర్చుని, నిన్న లేచాక మొదట ఏం తిన్నారమ్మా, తర్వాతేం తిన్నారు, మొన్నో, అని ఒక్కొక్కటే అడిగింది. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగింది.

“ముద్ద దిగట్లేదమ్మా, వానల ముందు నించీ,” అంది అక్క. “గంజి తాగేదాన్ని. ఇప్పుడు అదీ దిగట్లేదు.”

పరీక్షలు చేస్తే లోపల గొంతు కింద గడ్డ తేలింది. అప్పటికే పాకిపోయింది. నాలుగు నెలల ముందు తెచ్చుంటే ఏమైనా చేసేవాళ్ళమన్నారు.

డాక్టరమ్మ ఆ సంగతి చెప్పి వెళ్ళాక అక్కని కోపంగానే అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

“సెప్తే ఊరుకుంతావేటి? పనంతా ఒగ్గేసి పరిగెత్తుకొచ్చెత్తావు,” అంది. నవ్వింది కూడా.

ఫిబ్రవరిలో అక్క పోయింది. చర్చి వెనక సమాధి చేసేటప్పుడు అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పొద్దున్నే లేస్తాను, ఆఫీసుకి వెళ్తాను, ఇతరులు రాసిన ప్రశ్నలు దిద్దుతాను.

ఒక్క సంగతి మాత్రం నాకు తెలుసు. ఆ వానల్లో అక్క చెప్పినా నేను వెళ్ళేవాణ్ని కాదు. సర్వే గడువు నెత్తి మీదుంది. గొంతునొప్పికి మాత్ర వేసుకో, వీలు చూసుకుని ఆదివారం వస్తాను అనేవాణ్ని. ఆ ఆదివారం ఇంకో ఆదివారం అయ్యేది. అక్కకి ఇది తెలియదు. నేను పరిగెత్తుకొస్తానని నమ్మి, నా పని చెడకూడదని, ఆకలి దాచుకుంది.