మా అమ్మ కుట్టిన అద్దాల లంగా

కువైట్‌లోని సల్వాలో ఇంటిపని చేస్తాను. మాది సుగాలీ తండా. అక్కడి ఆడవాళ్ల కుట్టుపనికి, ఆటపాటలకు ఒక కేంద్రం కట్టాలని ఇక్కడి తెలుగువాళ్లు ఒక శుక్రవారం విరాళాల సభ పెట్టి, నన్ను ఆడమన్నారు. మా అమ్మ కుట్టిన అద్దాల లంగా తీసుకెళ్తే, సభ పెట్టిన తెలుగు సంఘం అధ్యక్షురాలు దాన్ని తన చుడీదార్ మీదే కట్టేసుకుంది.

"ఫొటోల్లో నాకైతే బాగుంటుంది. నువ్వు టీలు అందించమ్మా."

ఆమె వేదికెక్కి "వీళ్ల సంస్కృతిని మనమే కాపాడాలి" అంటుండగా నేను మైకు దగ్గరికి వెళ్లాను.

"ముందు మాయమ్మ లంగా ఇచ్చెయ్ మేడం. ఆమైన కాపాడుదువులే."

సభంతా నవ్వింది. తెర వెనక ఆమెకు నాడా ముడి విప్పుకోవడం కూడా రాలేదు. నేనే విప్పాను.

ఇప్పటికీ ఎదురుపడితే ముఖం తిప్పుకుంటుంది. తిప్పుకోనీ. నా విరాళం నేరుగా తండాకే పంపాను. అలాంటి చేతికి ఇస్తానా?