పైడితల్లిగారి రెండో రిజిస్టరు

కొత్త టైర్ల వాసన నాకు పడదు. మొన్న మా అన్నయ్య కూతురు స్కూటరు కొనుక్కుంటానని నన్ను షోరూముకి లాక్కెళ్లింది. తలుపు తీయగానే ఆ రబ్బరు వాసన గుప్పున కొట్టింది. పిల్ల ఫోనులో ఏవో రేటింగు చుక్కల వరుసలు చూపించి, "అత్తా, దేఖో, ఈ మోడల్‌లో కంపెనీ ఒక్క బండి కూడా వెనక్కి పిలవలేదు. ఒక్క కంప్లయింటూ లేదు. ఏక్‌దమ్ సేఫ్" అంది. నాకక్కడ కాలు నిలవలేదు. గబగబా బయటికి వచ్చేశాను. ఏమైందని పిల్ల వెనకాలే వచ్చి అడిగితే ఏం చెప్పను? సున్నాని నమ్మి నేను చేసిన పని చెప్పాలంటే ముందు పైడితల్లిగారి గురించి చెప్పాలి.

ఎనభైల చివర్లో బిలాస్‌పూర్ రైల్వే షెడ్డు ఆఫీసులో ఆవిడ మా హెడ్ క్లర్కు. వాళ్లది విజయనగరం నుంచి వచ్చిన కుటుంబం, ఆవిడ పుట్టింది మాత్రం ఇక్కడి క్వార్టర్లలోనే. పొట్టి మనిషి, తక్కువ మాట, ఎక్కువ నడక. ముందురోజు దారిలో ఆగిపోయిన ఇంజన్లని రిజిస్టరులో ఎక్కించడం మా సెక్షన్ పని. ఇంజను నంబరు, ఎక్కడ ఆగింది, ఏ భాగం చెడింది, తప్పు ఎవరిది. ఆ చివరి గడి దగ్గర రోజూ రభసే. ఫిట్టర్లు కరెంటువాళ్లదంటారు, కరెంటువాళ్లు డ్రైవరుదంటారు, ప్రతివాడూ తన పేరు తీయించుకోవడానికి టీ చల్లారేదాకా వాదిస్తాడు. ఆవిడ తలెత్తకుండా, "మరైతే ఎవులిది? పేరు సెప్పు, రాసేస్తాను" అనేవారు. అంతే, టీ గ్లాసులు అక్కడే వదిలేసి ఒక్కొక్కరే జారుకునేవారు.

ఒకసారి ఒక షిఫ్టులో నాలుగు రోజులు వరసగా ఒక్క ఫెయిల్యూరూ రాలేదు. నేను సంబరపడుతూ రిజిస్టరు తీసుకెళ్లి చూపించాను. ఆవిడ చెప్పులేసుకుని షెడ్డులోకి బయల్దేరారు.

"ఎక్కడికి మేడమ్?"

"ఇంజన్లు బాగున్నాయో, రాసేవోడు సెలవెట్టాడో సూసొద్దారి. ఉత్తినే సంబరపడిపోతే ఎలాగే?"

రాసే మనిషి నిజంగానే సెలవులో ఉన్నాడు. ఆగిన ఇంజన్ల చీటీలన్నీ అతని సొరుగులో అలాగే పడి ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది కానీ బుద్ధి మాత్రం రాలేదు.

ఆవిడ దగ్గర రెండో రిజిస్టరు ఒకటి ఉండేది. అది ఆఫీసుది కాదు, ఆవిడ సొంతం. కాలనీలో జనం నడిపే స్కూటర్లూ మోపెడ్లూ ఎప్పుడెప్పుడు ఏం విరిగాయో, ఎన్ని నెలలకి విరిగాయో సైకిల్ స్టాండు దగ్గర నిలబడి అడిగి మరీ రాసుకునేవారు. "ఇంజన్లకైతే ఇంత లెక్కుంది. మనం పిల్లల్ని ఎక్కించుకునీ బండికి నేదు" అనేవారు. ఏదైనా కంపెనీ ఫలానా భాగంలో లోపముందని, బళ్లు వెనక్కి తెమ్మని పేపర్లో ప్రకటిస్తే దాన్ని కత్తిరించి రైల్వేవాళ్ల క్లబ్బు ఇన్‌స్టిట్యూట్‌లో ఒక బోర్డు మీద గుచ్చేవారు. అప్పట్లో అలాంటి ప్రకటన ఏడాదికొకటి కనబడితే గొప్ప. ఏ బండి కొనాలో చెప్పమని ఎవరడిగినా రిజిస్టరు ముందుకి తోసి చదువుకోమనేవారు తప్ప ఇది మొదటిది, అది రెండోది అనేవారు కాదు. నాకు ఒళ్లు మండేది. ఇంత సమాచారం పెట్టుకుని జనానికి ఒక్క ముక్కలో చెప్పకపోతే ఎందుకట? నాకప్పుడు ఇరవయ్యారేళ్లు, దేనికీ ఆగే ఓపిక లేదు.

ఆవిడ పదిరోజులు సెలవు పెట్టి విజయనగరం వెళ్లారు. నేను ఆవిడ సొరుగులోని ఆ రిజిస్టరు తీసి, ఒక్క సాయంత్రం కూర్చుని మోపెడ్లకి వరస కట్టేశాను. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మార్చి ఇస్తామని పేపర్లో ప్రకటించిన కంపెనీని అట్టడుగున పెట్టాను. రిజిస్టరులో ఒక్క ఫిర్యాదూ లేని ఇంకో మోపెడ్‌ని మొదట పెట్టాను. కింద పేరు రాయకుండా ఆవిడ బోర్డు మీద గుచ్చాను. మర్నాడు అప్పలరాజు ఆ జాబితాని చీటీ మీద ఎక్కించుకుంటుంటే దూరం నుంచి చూసి మురిసిపోయాను కూడా. అతను ఇంజన్ మీద అసిస్టెంటు, త్వరలో డ్రైవరు ట్రైనింగుకి వెళ్లాల్సినవాడు. ఆ నెలలోనే మొదటి నంబరు మోపెడ్ కొన్నాడు.

నాలుగు నెలలకి ఊరి బయట మోప్కా దారిలో దాని ఫోర్కు విరిగింది. అప్పలరాజు మోకాలు నుజ్జయింది. కాలు నిలిచింది కానీ ఇంజన్ ఎక్కడానికి పనికిరాడని డాక్టర్లు రాసేశారు.

కొత్త ప్రకటన ఏదీ లేక అన్నాళ్లూ బోర్డు వైపు వెళ్లని పైడితల్లిగారు ఆ కాగితం తీసి, నా రాత గుర్తుపట్టి నా బల్ల మీద పెట్టారు.

"నువ్వు మొదటెట్టిన బళ్లు అప్పటికి కాలనీలో ఎన్నున్నాయి?"

"రెండు."

"ఎన్నాళ్లవి?"

"కొత్తవే, మేడమ్."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. నన్ను వెంటబెట్టుకుని గోల్ బజార్‌లో వెల్డింగు షాపుకి తీసుకెళ్లారు. అదే మోపెడ్ ఫోర్కులు ఊళ్లోవాళ్లవి ఎన్నో అతికించానని షాపతను చెప్పాడు. ఆ కంపెనీ ఏ పేపర్లోనూ నోరు విప్పలేదు. నేను అట్టడుగున పెట్టిన కంపెనీ మాత్రం తన లోపం తనే చెప్పుకుని ఫోర్కులు మార్చింది, మా కాలనీలో వాటిలో ఒక్కటీ విరగలేదు. వస్తుంటే దారిలో ఆవిడ, "ఆ కుర్రోడికి నువ్వు సెప్తావా?" అన్నారు. చెప్తానన్నాను.

చెప్పలేదు. ఆస్పత్రి గేటు దాకా మూడుసార్లు వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఆర్నెల్లకి అప్పలరాజుకి తేలిక పని కింద మా సెక్షన్‌లోనే, సరిగ్గా నా ఎదుటి బల్ల ఇచ్చారు. రోజూ పొద్దున్నే అతని కర్ర చప్పుడు వినబడగానే నాకు కుర్చీలో కూర్చోబుద్ధయ్యేది కాదు. లేచి ఫైళ్లు సర్దేదాన్ని, సర్దినవే మళ్లీ సర్దేదాన్ని. బయట ఇంజన్ కూత వేస్తే అతను రాస్తున్న కలం ఆగేది. అతను నన్ను అక్కా అని పిలిచేవాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ రెండేళ్లు గడిపాను.

పైడితల్లిగారు రిటైరైన రోజు రెండో రిజిస్టరు నాకిచ్చి వెళ్లారు. అందరూ వెళ్లాక ఆ మోపెడ్ పేజీ తీశాను. దాని చివర ఆవిడ, ఆఫీసు రిజిస్టరులోలాగే తప్పు ఎవరిదన్న గడి ఒకటి గీసి, అందులో "జాబితా నా బోర్డు మీద ఉంది. తప్పు నాది" అని రాసి సంతకం పెట్టారు. ఒక్క ఫెయిల్యూరు తన పేరు మీద పడకుండా మనుషులు పూటంతా కొట్లాడే ఆ ఆఫీసులో ఆవిడ నా తప్పు నెత్తిన వేసుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. మర్నాడు అప్పలరాజు కుర్చీలో కూర్చోకముందే రిజిస్టరు అతని ముందు పెట్టాను.

"ఇది నిజం కాదు. ఆ జాబితా రాసింది నేను."

అతను కర్ర బల్లకి ఆనించి ఆ పేజీ చదివాడు.

"తెలుసక్కా. ఎదురుగా కూకుని రోజూ నీ రాత సూస్తన్నాను కదా. వచ్చిన వారానికే తెలిసిపోనాది."

"మరి అడగలేదేం?"

"అడుగుదామనీసి మేడమ్‌తో అన్నాను. వద్దన్నారు. నీ అంతట నువ్వే సెప్తావు, అందాకా ఓపిక పట్టమన్నారు. శానా కోపమొచ్చీది అక్కా, కొన్ని రోజులైతే నీ మొకం సూడబుద్దేసీది కాదు. అయినా పట్టినాను."

ఆ తరవాత ఉద్యోగంలోనూ ఇంట్లోనూ నేను చేసిన తప్పులకి కొదవ లేదు. ఇప్పుడు మాత్రం తప్పు జరిగిందని తెలియగానే చెప్పులేసుకుని బయల్దేరతాను, వెళ్లి చెప్పేసి వస్తాను. మా ఇంట్లోవాళ్లు దాన్ని ధైర్యం అనుకుంటారు. కాదు. ఎదుటి మనిషికి అప్పటికే అంతా తెలిసి, నేను చెప్పేదాకా ఓపిక పట్టుకుని కూర్చున్నారేమోనని భయం.